ఊరు బయటికి వెళ్లిన గురువారం

మే 17, 2021, సోమవారం

ఇద్దరికీ పాజిటివ్. నాకూ, అవ్వకూ. అమ్మా బాపూ గొర్ల మంద దగ్గరికి మారారు.

ఆశా వర్కర్ నవనీతక్క గుమ్మం బయటే నిలబడి మందుల కిట్ లోపలికి జరిపింది. పద్నాలుగు రోజులు గడప దాటకూడదు. మాస్కు తీయకూడదు, కిటికీ మూయకూడదు, ఆయాసమైతే బోర్లా పడుకోవాలి. ఆక్సీమీటర్‌లో తొంభై నాలుగు కంటే తగ్గితే "టైం సూడకు పిల్లా, ఫోన్ కొట్టు" అంది. ఇవన్నీ ఉన్న కాగితం కూడా ఇచ్చింది. రెండుసార్లు చదివాను. అచ్చుతప్పులు మూడు.

మే 18

అవ్వ 96. నేను 97. దేనికీ వాసన లేదు. కొత్త పుస్తకానికి కూడా.

మే 19, బుధవారం

ఈ వారం ఊళ్లో నలుగురు పోయారు. రేపు తెల్లారకముందే ఊరంతా పొలిమేర దాటి వెళ్తుందట, కోళ్లూ కుక్కలతో సహా. పొయ్యి వెలగకూడదు. మనిషి అలికిడి ఉండకూడదు. అమ్మోరు పొద్దు గూకేదాకా ఇల్లిల్లూ తిరిగి, ఎవరూ దొరక్క వెళ్లిపోతుందట. చిన్నప్పుడు అవ్వ చెబితే కథ అనుకున్నాను.

బాపు కిటికీ అవతల నిలబడ్డాడు. "మీరు నలుగుర్ల కూసుండరాదు, ఊర్ల ఉండరాదు. నేనేం జెయ్యాలె బిడ్డా?"

అవ్వే తేల్చేసింది. "బయట తాళమెయ్యిరా. సప్పుడు జెయ్యం. అమ్మోరు నన్నేం జేసుకుంటది, పండ్లు గూడ లెవ్వు."

మే 20, గురువారం, ఉదయం 7

తాళం పడింది. ట్రాక్టర్లు, మేకలు, పిల్లల ఏడుపులు చాలాసేపు వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. కోడి కూయని ఉదయం ఇదే మొదటిసారి.

11

అవ్వ 93. బోర్లా పడుకోబెట్టాను. ఫోన్ తీస్తే నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క పొద్దే గదనే, ఊరి పని జెడగొట్టకు."

వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు. అయినా ఎవరో గోడల వెంట మెల్లగా నడుస్తున్నట్టుంది.

12.20

89. ఫోన్ చేసేశాను. అవ్వ మొహం గోడకు తిప్పుకుంది.

సాయంత్రం

నవనీతక్క అంబులెన్స్ పంపింది. డ్రైవర్‌కు ఇల్లు చూపించడానికి ఊళ్లో మనిషి లేడు. ప్రతి తలుపుకీ తాళమే. బండి మా వీధి దాటిపోతున్న చప్పుడు విన్నాను.

కాన్వెంట్‌లో పాఠం చెబుతుంటే నా గొంతు వెనక బెంచీకి ఏనాడూ వినపడలేదు. కిటికీ ఊచలు పట్టుకుని అరిచాను. ఇక్కడ ఉన్నామని, ఇద్దరమని.

బండి ఆగింది. ఎదురింట్లో ఎవరో దగ్గారు. ఆ ఇంటికీ తాళముంది. పక్కింట్లో తలుపు బాదిన చప్పుడు. "మేం గూడ ఉన్నం" అంది జంగమ్మత్త గొంతు. ఇంకెక్కడో మగ గొంతు, "జర నీళ్లియ్యున్రి." ఖాళీ ఊళ్లో వీధి పొడవునా లోపలి నుంచి తలుపులు కొడుతున్నారు.

డ్రైవర్ బండి దిగి ఒక్కో తాళం వైపూ చూశాడు. తర్వాత రాయి తీసుకుని ముందు మా తాళం పగలగొట్టాడు.

అవ్వ కల్వకుర్తి దవాఖానలో ఉంది. ఆక్సిజన్ పెట్టారు.

మే 23

అవ్వ 95. "గంజి తాగిన. ఈడ నర్సు పిల్ల నీకన్న జర గట్టిగ మాట్లాడ్తది" అంది ఫోన్‌లో. ఏడ్చాను.

మే 25

ఊరి పెద్దమనిషి భీమయ్య తాత కిటికీ దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. మెల్లగా అన్నాడు: "ఊర్ల ఎందరున్నరో అమ్మోరికి నువ్వే కిటికీలకెల్లి ఒర్రి చెప్పినవు బిడ్డా."

నిన్న ఇంకో ఇద్దరు పోయారు. ఎల్లుండి ఊరు మళ్లీ వెళ్తుందట. లోపల మిగిలినవాళ్లు నోరు మెదిపితే ఆ ఇల్లు వెలి. ప్రాణం పోతున్నా సరేనట. ఇంటింటికీ చెప్పి వెళ్లాడు.

మే 27, గురువారం, మధ్యాహ్నం

ఊరు వెళ్లింది. ఈసారి బాపు మా ఇంటికి తాళం వేయలేదు. గడప దాటకుండా నిలబడి అరిచాను. "ఎవ్వరికన్న దమ్మొస్తాందా? అంబులెన్స్ పిలుస్త!"

ఎవరూ పలకలేదు.

జంగమ్మత్త ఇంట్లో ఎవరో దగ్గును మింగారు.