గాలపు కర్రకు గట్టి పెట్టె

బావా,

నీ రెండు గాలపు కర్రలను భద్రంగా తెస్తానని మాటిచ్చి తప్పాను. గడ్డకట్టిన సరస్సు మీద గుడ్డసంచి విప్పితే ఒకదాని కొస విరిగి ఉంది. కారు డిక్కీలో వాటి మీద బియ్యం బస్తా పెట్టింది బ్లూకార్డు అనే ఉద్యోగ అనుమతి మీద జర్మనీ వచ్చిన నీ అల్లుడు సురేశ్ అన్నాను. నువ్వు బాగున్న కర్ర నాకిచ్చావు.

నువ్వు పోయి ఏడాది. ఇవాళ స్టుట్‌గార్ట్‌లో ఆ కర్రకు పెట్టె కొన్నాం.

"మెత్తటి సంచి చాలదా మావయ్యగారూ?" అన్నాడు సురేశ్.

"బస్తా పడితే ఆగుతుందిరా?"

"నింద మళ్లీ నా మీదకే వస్తుంది. గట్టిదే తీసుకోండి!"

దారం చుట్టే రీలు విప్పకుండానే కర్ర పట్టే గట్టి పెట్టె తీసుకున్నాను.

బస్తా నేను పెట్టడం నువ్వు కిటికీలోంచి చూశావని అక్కయ్య మొన్ననే చెప్పింది. చూసీ నా పరువు కాపాడావు. ఆ మేలు మరవను. సురేశ్‌కు నిజం చెప్పేస్తే నవ్వేశాడు. మీరిద్దరూ క్షమించినా, నేను క్షమించలేనిది ఈ వెంకటరత్నాన్నే.