మూల క్యాబినెట్‌లో లైటు వద్దు

లైట్ల దుకాణం యజమానిగారికి నమస్కారాలు.

మీ దుకాణానికి ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, తొమ్మిది నొక్కమంది, చివరికి నా గొంతే నొక్కుకోవాలనిపించి ఉత్తరం రాస్తున్నాను.

మా కొత్త వంటింట్లో చెక్కపని అయింది, లైట్లే మిగిలాయి. "ఆ సంగతి మీరు చూసుకోండి అత్తయ్యా, ఫిజిక్సు టీచరు కదా" అని మా కోడలు మీ బొమ్మల పుస్తకం నా ఒళ్లో పడేసింది. చూశాను. పై క్యాబినెట్ల అడుగున అంటించే స్ట్రిప్ లైటు గోడ వైపు కాదు, ముందంచుకి పెట్టండి. లేకపోతే వెలుగు గోడకి పోయి, కూర తరిగే చేతికి నా నీడే మిగులుతుంది. దానికి పాలరంగు మూత ఉండాలి. గ్రానైటు గట్టు మీద చుక్కలు చుక్కలుగా మెరిస్తే నాకు కళ్లు తిరుగుతాయి. రంగు పసుపు ఛాయలో ఉండాలి. తెల్ల లైటు కింద మా కోడలి వంట ఆస్పత్రి భోజనంలా కనిపిస్తుంది. రుచికి ఎలాగూ నేనేం చెయ్యలేను.

తలుపు తియ్యగానే దానంతటదే వెలిగే లైట్లు క్యాబినెట్ల లోపల పెట్టుకోండి. ఫ్రిజ్ పక్క, మూలనున్న పై క్యాబినెట్‌లో మాత్రం వద్దు. కారణం అడక్కండి.

ఇట్లు,
అత్తగారు

తా.క. ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. మా ఇంట్లో గోడలకి చెవులు లేవు గానీ, మనవరాలికి నాలుగున్నాయి.

*

గౌరవనీయులైన అమ్మగారికి, లైట్ల దుకాణం నుంచి వినయంగా రాస్తున్నది.

ముందంచు, పాలమూత, పసుపు ఛాయ, అన్నీ రాసుకున్నాం. మా ఎలక్ట్రీషియన్ మీ ఉత్తరం చదివి "ఈవిడ దుకాణం పెడితే మనం మూసుకోవాలి" అన్నాడు.

అయితే మీ కోడలుగారు బొమ్మల పుస్తకం కోసం వచ్చిన మొదటిరోజే, ఎనిమిది క్యాబినెట్లలో ఏడింటికి లైట్లు చెప్పి వెళ్లారు. సింకు కింద ఉన్నదానికి అక్కర్లేదన్నారు. మీరు వద్దంటున్న మూలది ఆ ఏడింటిలో ఉంది.

మీ భయం మాకు అర్థమైంది. పెద్దవాళ్లకి కరెంటంటే భయం సహజమే. ఇది పన్నెండు వోల్టుల లైటు. పొరపాటున చెయ్యి తగిలినా చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మీ విధేయుడు,
దుకాణం యజమాని

తా.క. మొదట్లో తలుపు తీసేటప్పుడు చెక్క గరిటె వాడండి. ధైర్యంగా ఉంటుంది.

*

దుకాణం బాబుకి, దీవెనలు పంపాలా వద్దా అని ఆలోచిస్తూ రాస్తున్నది.

ముప్పయ్యేళ్లు పిల్లలకి కరెంటు పాఠం చెప్పాను. కరెంటు నన్ను చూసి భయపడాలి గానీ నేను దాన్ని చూసి కాదు. ఆ చెక్క గరిటె మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఉత్తరం చదివాక దానికి ఇంకో పని తోచింది నాకు.

నా భయం షాకు గురించి కాదు, వెలుగు గురించి. నేను ఆ క్యాబినెట్ తెరిచినట్టు హాల్లో కూర్చున్నవాళ్లకి తెలియకూడదు. అందులో ఉన్నది నాకు చాలా విలువైనది. ఇంతకు మించి చెప్పను.

ఇట్లు,
కరెంటు తెలిసిన అత్తగారు

తా.క. లైటు పెట్టకుండా ఉండటానికి ఇంత ఉత్తరం రాయాలా? పెట్టమంటే ఏం రాయించేవారో.

*

అమ్మగారికి వేయి నమస్కారాలు.

ముందే చెప్పాల్సింది కదండీ! నగలన్నమాట. నిశ్చింతగా ఉండండి.

మా దగ్గర కొత్త రకం లైటొకటి ఉంది. ఎవరు ఆ తలుపు మీద చెయ్యి వేసినా భగ్గున వెలుగుతుంది, గట్టిగా పాట పాడుతుంది, "మూల క్యాబినెట్ తెరిచారు" అని ఇంటిల్లిపాది ఫోన్లకీ మెసేజ్ పంపుతుంది. దొంగ అనేవాడు గుండాగి చావాలి. గురువారం మా ఎలక్ట్రీషియన్ వచ్చి బిగిస్తాడు.

మీ నగల క్షేమం కోరే,
దుకాణం యజమాని

తా.క. మీ అబ్బాయిగారి నంబరు, కోడలుగారి నంబరు ఎక్కించేశాం. మనవరాలి టాబ్లెట్‌కి దొంగ ఫొటో కూడా వస్తుంది.

*

నాయనా, బంగారు తండ్రీ, ఆపు!

నగలు కాదు. అందులో ఉన్నది వెన్న బిస్కెట్ల డబ్బా. ఇంట్లో అందరూ తినొచ్చు, నేను తప్ప. డాక్టరు షుగరని చెప్పిన రోజే మా కోడలు దాన్ని నాకు అందనంత పైకెక్కించింది. స్టూలనేది ఒకటుంటుందని మర్చిపోయింది.

మధ్యాహ్నం కోడలు ఆఫీసులో, మనవరాలు బడిలో ఉంటారు. మా అబ్బాయి మాత్రం హాల్లో కంప్యూటరు ముందు, సరిగ్గా వంటింటికి ఎదురుగా కూర్చుంటాడు. ఆ మూల మసకగా ఉంటుంది గనక స్టూలెక్కి, తడుముకుని, రెండు తీసుకుని దిగిపోతున్నాను. అక్కడ లైటు వెలిగిందంటే నా పని అయిపోయినట్టే.

ఈ ఇంట్లో టీవీకి, ఐస్‌క్రీముకి, మంచం మీద తడి తువ్వాలుకి చట్టాలు చేసింది నేను. "నానమ్మ బిస్కెట్ల దొంగ" అని ఆ పిల్ల ఒక్కసారి అరిచిందంటే ఇక నా మాట వినేదెవరు? షుగరు పెరిగితే మాత్ర ఉంది, పరువు తగ్గితే ఏ డాక్టరు దగ్గరికి పోను?

ఇట్లు,
మీరు ఫొటో తియ్యబోతున్న దొంగ

తా.క. చదవగానే చింపెయ్యండి. దీనికి చెక్క గరిటె అక్కర్లేదు.

*

అమ్మగారికి, తల వంచుకుని రాస్తున్నది.

పాట లైటు వెనక్కి తీసుకున్నాం. మీరింత నిజం చెప్పాక నేను దాచడం ధర్మం కాదు. మీ కోడలుగారు మొదటిరోజు అన్న మాటలు ఇవి: "మూలదాంట్లో మంచి లైటు పెట్టండి. మా అత్తయ్య చీకట్లో స్టూలెక్కి బిస్కెట్ల కోసం తడుముకుంటోంది, పడితే నడుం విరుగుతుంది. ఆ డబ్బాలో చక్కెర లేనివి నింపేశాను. తిననివ్వండి, పాపం, దొంగతనంగా తింటేనే ఆవిడకి రుచి."

మీ అబ్బాయిగారికీ తెలుసట. స్టూలు చప్పుడు వినగానే మీరు దిగేదాకా కంప్యూటరులోంచి తలెత్తరట.

క్షమాపణలతో,
దుకాణం యజమాని

తా.క. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. గరిటె మీరనుకున్న పనికే వాడండి. వీపు సిద్ధంగా ఉంది.

*

దుకాణం బాబుకి దీవెనలు. ఈసారి ఆలోచించకుండానే.

ఇన్నాళ్లూ అట్టముక్కల్లా ఉన్నాయని ఆ బిస్కెట్లు చేసేవాణ్ణి తిట్టుకుంటున్నాను. ప్రాణానికి తెగించి, మోకాళ్లు కిర్రుమంటున్నా స్టూలెక్కి, నేను దొంగిలించింది పథ్యమన్నమాట! దొంగకి కూడా కాస్త మర్యాద ఉండాలి కదా.

అయినా కోడలు పిల్ల నా నడుం గురించి ఆలోచించింది. ఆ మాట దాని ముఖం మీద అనను. అంటే వంట కూడా మెచ్చుకోమంటుంది. మూల క్యాబినెట్‌లో లైటు పెట్టండి, పసుపు ఛాయదే. నేను స్టూలెక్కుతూనే ఉంటాను. నన్ను పట్టుకోకుండా ఉండటానికి ఇంటిల్లిపాదీ ఇంత కష్టపడుతుంటే, మానేస్తే బాగుండదు.

ఇట్లు,
మూల క్యాబినెట్ హక్కుదారు

తా.క. కవరు అంటించబోతూ ఆగాను. చక్కెర లేనివి నా డబ్బాలో ఉంటే, ఉన్నవి ఎక్కడ? ఏడింటికి లైట్లు చెప్పిన మనిషికి ఎనిమిదోదాని మీద అంత చిన్నచూపు దేనికి? వెళ్లి చూశాను. సింకు కింద, సబ్బుపొడి బకెట్ వెనక. స్టూలు కూడా అక్కర్లేదు. ఒక్కటే తిన్నాను. అక్కడ లైటు వద్దన్న మా కోడలి నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.