తెల్లకాగితం అడుగున

కార్తీక సోమవారం, సామర్లకోట

గ్రీటింగు కార్డులు దాచుకోవడానికి అట్టలు కుట్టి పుస్తకం చేస్తున్నాను. పొద్దున చెల్లాయి రాజ్యం జనవరిలో పంపిన గులాబీల కార్డు అతికిస్తుంటే, జిగురు తడికి లోపల అంటించిన తెల్లకాగితం ఊడివచ్చింది. అడుగున నా చేతిరాత! రాజ్యం కూతురు పద్మ నిశ్చితార్థానికి నేను రాసి పంపిన ఆశీర్వాదం. "నీ కార్డు దేవుడి గదిలో పెట్టుకున్నానక్కయ్యా" అంది అప్పట్లో. దాన్నే తిప్పి నాకు పంపింది.

ఆదివారం మా ఇంట్లో వ్రతానికి రాజ్యం, పద్మ అత్తగారూ కలిసి వస్తున్నారు. ఆ కార్డుని మొదటి పేజీలోనే పెట్టాను. తెల్లకాగితాన్ని పైఅంచున మాత్రమే అంటించాను, ఎవరైనా ఎత్తి చూడొచ్చు. పుస్తకం ముందుగా ఆ అత్తగారి చేతికే ఇస్తాను.

మా ఆయన చూసి, "పోనిద్దూ, చెల్లెలే కదా" అన్నారు.

"పరాయిదైతే పోనిచ్చేదాన్నేనండి" అన్నాను.

పద్మని అత్తింట్లో దెప్పుతారేమో... ఆ భయం ఒక్కటే పీకుతోంది.

సాయంత్రం దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నా మనసు మార్చమని స్వామిని అడుగుదామనుకున్నాను. అడగలేదు. పద్మ అత్తగారు కళ్ళజోడు మరిచిపోకుండా వచ్చేలా చూడమన్నాను.