ఆ డిస్కు తప్పు చేయలేదు

నిన్ను చంపింది నేనేనని మన ఊరు తీర్పు చెప్పి ఏడాది కావస్తోంది, పెంచలా. విచారణ లేదు, సాక్షి లేడు. టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చుని చెప్పేశారు. "జల్లెడ రేకు బిగించి పిల్లోడ్ని చంపినాడు"... అంతే.

జల్లెడంట! బరువు తగ్గడానికి, వేడి పోవడానికి బ్రేకు డిస్కులో కోసిన బొక్కలవి. సైకిల్ డిస్కు బ్రేకును జన్మలో ముట్టుకోనివాళ్ళు నాకు దాని గురించి చెప్తున్నారు. నేను ఆత్మకూరు అంగడిలో పంక్చర్లు వేస్తూ, ఫోన్లో చూసి చూసి, పాడుచేసి బాగుచేసి ఆ పని నేర్చుకున్నవాణ్ణి. నెల్లూరు పోటీకి పోవాలని సెకండ్ హ్యాండ్ గేరు సైకిల్ కొని నా దగ్గరికి తెచ్చినవాడివి నువ్వు.

ఎన్ని వారాలు వెతికాం ఆ డిస్కుల కోసం! కంసాలి కాటా మీద పెట్టి తూచాం, గుర్తుందా? పాతది నూట నలభై గ్రాముల పైన. కొత్తది వంద లోపు. "రెండిటికీ కలిపి గొర్రెపిల్ల చెవంత బరువు తగ్గిందిరా మేస్త్రీ. ఆ చెవి చాలు నేను గెలిచేదానికి" అన్నావు. మధ్యలో అల్యూమినియం ఉండే ఇంకా తేలికది కావాలని పట్టుబడితే నేనే వద్దన్నాను. ఉదయగిరి దుర్గం కొండ దిగుడులో బ్రేకు పట్టి పట్టి కాలిపోతుంటే అది ఏమవుతుందో నాకు తెలియదు. తెలియనిది నీకు బిగించను అన్నాను. "నీకు భయంరా" అని నవ్వావు.

బిగించిన రోజు ఒకే మాట పదిసార్లు చెప్పాను. దీనికి నూనె చుక్క తగలకూడదు. చేతి జిడ్డు కూడా తగలకూడదు. తగిలితే డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు తాగేస్తాయి, ఇక బ్రేకు పట్టదు. "తెలుసులేరా, పాఠం చెప్పవాక" అన్నావు.

తెలుసు కదా... మరి మీ అమ్మకు ఎందుకు చెప్పలేదు?

మహర్నవమి రోజు ఆమె కొడవలి, గొడ్డలి, గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర వరసగా పెట్టి ఆముదం రుద్దుతుందని, బొట్లు పెడుతుందని నీకు తెలియదా? "ఇనుముకి ఆముదం పెడితేనే మన మాట ఇంటాది" అని ఆమె అనడం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆమెకు డిస్కు కూడా ఇనుమే. మిగతా వాటికంటే దానికే ఇంకొంచెం ఎక్కువ రుద్ది ఉంటుంది... బిడ్డ ఎక్కేది కదా.

మర్నాడు పొద్దున దుర్గం కింది మలుపులో నువ్వు ఆగలేదు.

సైకిల్ని తెచ్చి నా ముందే పడేశారు, నువ్వు చేసిన పని చూసుకో అని. చూశాను. డిస్కు విరగలేదు, వంగలేదు, ఎక్కడా చీలిక లేదు. బొక్కల్లో మాత్రం కుంకుమ, ఆముదంలో తడిసి ముద్దగా... ప్యాడ్లు నానిపోయి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకోగానే అంతా అర్థమైంది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఊరిని పిలిచి చూపించలేదు. స్పిరిట్ పోసి కుంకుమ ఆనవాలు లేకుండా కడిగాను. ప్యాడ్లు పొయ్యిలో వేశాను. నన్ను కాపాడే సాక్ష్యాన్ని నా చేతులతో నేనే కాల్చుకున్నాను. నీ బిడ్డను తీసుకుపోయింది నీ చేతి ఆముదమే అని ఒక తల్లికి ఎవడు చెప్తాడు?

దానికి నాకు దక్కిందేమిటి? "బ్రేకు పని ముట్టుకోవాకరా, గిరాకీ పోతాది" అని మా ఓనరు మళ్ళీ పంక్చర్ల దగ్గర కూర్చోబెట్టాడు. నేర్చుకున్న పని చేతుల్లోనే ఎండిపోతోంది.

ఇంత ఊర్లో నన్ను ఒక్క మాట అననిది మీ అమ్మే. పోయిన నెల ఆ సైకిల్ని బస్సు మీద వేయించుకుని ఆత్మకూరు వచ్చింది. నీ చెల్లెలు మౌనికకు ఉదయగిరి కాలేజీలో సీటు వచ్చింది, బస్సేమో టైముకు రాదు. "నా బిడ్డ నిన్ను నమ్మినాడు, నేనూ నమ్మతాను. పాప తొక్కాల. నువ్వే చెయ్యాల అబ్బోడా. నవమి లోపల ఇయ్యి, పూజలో పెట్టాల" అంది.

పూజలో పెట్టాలంట... విన్నావా?

మందం డిస్కులు బిగించి ఊరోళ్ళ నోళ్ళు మూయించమన్నాడు ఓనరు. బిగిస్తే అది నా ఒప్పుకోలు కాదా? నీ డిస్కుల్నే కొలిచి చూశాను, అరుగుదల హద్దుకు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. తిప్పి చూశాను, వెంట్రుకంత వంకర లేదు. మౌనిక నీకంటే తేలిక. ఆమె దారిలో దుర్గం దిగుడు లేదు. ఆమెకు ఇవి చాలు. అవే డిస్కులు, కొత్త ప్యాడ్లతో బిగించాను. తప్పు చేయనిదాన్ని ఎందుకు పీకాలి?

నిన్న పాతిక కిలోల బియ్యం మూట వెనక కట్టుకుని, నువ్వు పోయిన మలుపుకే పోయాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా పదిసార్లు దిగాను. మన ఊరి పెద్దాయన, అదే, బెంచీ మీద తీర్పు చెప్పినాయన, "ఏందిరా, ఈ తూరి నువ్వే పొయ్యేదానికా?" అని అందర్నీ నవ్వించాడు. పదిసార్లూ ఆగింది. పదోసారికి నవ్వేవాడు లేడు. ఆయన దగ్గరికి వచ్చి చక్రం వంక చాలాసేపు చూశాడు.

"ఇంత బాగా ఆగుతుండాదే... మరి ఆ పొద్దు ఏమైనాదిరా?"

గెలిచాను కదా? మూట కూడా విప్పకుండా సైకిల్ని మీ ఇంటికే తోలాను.

ఆ ప్రశ్న నాకంటే ముందే మీ ఇంటికి చేరింది. మీ అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. "రేకు మంచిదే అయితే, నా బిడ్డ ఎట్ట పోయినాడు మాల్యాద్రీ?" అంది. పూజకు ముందే చెప్తానత్తా అని, సైకిల్ అక్కడ పెట్టి వచ్చేశాను.

దీనికి నూనె పెట్టొద్దు అన్న ఒక్క మాట చాలు, ఆమెకు మిగతాదంతా తెలిసిపోతుంది. ఆ మాట చెప్పకపోతే ఎల్లుండి నవమికి మళ్ళీ ఆముదం రుద్దుతుంది. ఆ మర్నాడు మౌనిక ఎక్కుతుంది. దారిలో దిగుడు లేకపోతేనేం... లారీలు లేవా?

అందుకే అడుగుతున్నాను. ఆ పొద్దు ఎక్కేముందు డిస్కు మీద బొట్టు చూశావా, లేదా? తెల్లటి స్టీలు మీద ఎర్రటి కుంకుమ... కనపడకుండా ఎట్లా ఉంటుంది? తుడిస్తే అమ్మ చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నావా? ఒక్క దిగుడే కదా, ఏమవుతుందిలే అనుకున్నావా?

రేపు సాయంత్రం మీ అమ్మ గొర్రెల్ని దొడ్డికి తోలేలోపు నాకు జవాబు కావాలి. కలలోకి వస్తావో, ఇంకెట్లా చెప్తావో నీ ఇష్టం. రాకపోతే నేనే పోయి చెప్తాను. "వాడికి అన్నీ చెప్పినాను అత్తా. నూనె చూసి కూడా ఎక్కినాడు. తప్పు వాడిదే" అంటాను. నిన్నే తిట్టుకోనీ. ఆమె ఈ బరువు మోయలేదు, నేను మోసింది చాలు. చచ్చినవాడివి, నువ్వైతే మోయగలవు.

మాల్యాద్రి