డోర్లకు మగ్గం సోలినాయిడ్లు

తమ్మీ, రాత్రి పాళీ చేసొచ్చి పండుకున్నవని లేపలే. నేను, అమ్మ ఆటోల కంటి దవాఖానకు పోతున్నం. చాయ్ ఫ్లాస్కుల ఉన్నది.

లేవంగనే కారు నాలుగు డోర్లల్ల నువ్వు బిగించిన, కరెంటు తాకితే గుంజే మగ్గం సోలినాయిడ్లు పీకెయ్యి. "మగ్గం మీద రోజంత పనిచేసేది డోరుకు చెయ్యదా" అన్నవు. మగ్గంల అది దారం తెగినప్పుడే ఒక్కసారి గుంజి ఊకుంటది. డోరుకు నువ్వు కరెంటు ఆపకుండ ఇచ్చినవు, అది కాలి లాకు బిగుసుకున్నది. డోరుకు గుంజుడు కావాలె, తోసుడు కావాలె. రెండూ చేసేది యాక్చువేటర్. టెంఘర్‌ల కారు సామాన్ల దుకాణంకు పోయి నాలుగు తెచ్చి పెట్టు. డిక్కీకి పెట్టినది మాత్రం ముట్టకు. దానికి ఒక్క గుంజుడు చాలు, సోలినాయిడే సరిపోతది.

నిన్న చర్చి ముందట పెళ్లికొచ్చినోళ్లంత చూస్తున్నరు, ఒక్క డోరు తెరుచుకోలే. పట్టుచీర కట్టుకోని అమ్మ లోపల చెమటలు కక్కింది. నేనంటే అద్దంలకెళ్లి దూకిన, దూకే వయసా ఆమెది? ఆఖరికి వెనక సీటు మడిచి, గుడ్డల తానును టెంపోలకెళ్లి దించినట్టు డిక్కీలకెళ్లి దించిన. సిగ్గుతోని పెళ్లి బువ్వ గూడ తినలే నేను. నువ్వేమో ఇంట్ల నిద్రపోయినవు.

సాయంత్రం వరకు డోర్లు కాకుంటే నాతోని మాట్లాడకు.

అక్క

నిన్ను తిడుదామంటే అమ్మ ఒప్పుకుంటలేదు. "పిల్లగాడు డిక్కీ మంచిగ పెట్టిండు గదనే, లేకుంటే నేనెట్ల దిగేదాన్ని" అంటున్నది.