మూత కింద పేపరు

ఏప్రిల్ నెల, బుధవారం రాత్రి

ల్యాప్‌టాప్ మూత వేసినప్పుడల్లా కీబోర్డ్ మీటలు ఒత్తుకుని స్క్రీన్ మీద గీతలు పడుతున్నాయని పొద్దున్న మా ఆయనకు చూపించి బాధపడ్డాను. మామిడికాయలు ట్రేల్లో సర్దే మనిషి కదా, కాయల మధ్య పెట్టినట్టే న్యూస్‌పేపర్ నాలుగు మడతలు వేసి లోపల పెట్టేశారు. "బంగినపల్లికే మచ్చ పడనివ్వను, దీనికి పడనిస్తానా టీచరమ్మా?" అన్నారు.

అంత మందం పెట్టి మూత నొక్కితే స్క్రీనే పగులుతుందేమో! ఆ మురిపెం చూసి చెప్పలేకపోయాను. సాయంత్రం ఆయన ఆగిరిపల్లి తోట నుంచి రాకముందే మడతలు తీసేసి ఒక్క పొర పరిచాను.

భోజనాలయ్యాక ఆయనే తెరిచి చూసి నవ్వారు. "ఒక్క పొర చాలిందన్నమాట. రేపు మీ స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పు."

పాత గీతలు ఎటూ పోవు. అయినా చెబుతాను, ఆయన పేరుతోనే.