ఏడు మాసికలు

జూన్ 3, కనంగా పట్నం
మ్యూజియంలో చేరాను. వస్తువుల పక్కన పెట్టే కార్డులు ఫెయిర్ కాపీ చేయడం నా పని. రాసేది ప్రొఫెసర్ కటెండే. కుబా తెగ వాళ్ల రఫియా నార చుట్టుగుడ్డకు ఆయన కార్డు ఇది: ఏడు మాసికలు ఏడు నక్షత్రాలు, రాజుగారి విశ్వదృష్టి, కళాకారిణి అజ్ఞాత. విశ్వదృష్టి! మాట ఎంత బాగుందో. అర్థం ఆవగింజంత కూడా లేదు.

జూన్ 5
అమ్మమ్మకు ఫోటో చూపించాను. మా అమ్మదేనే ఇది, అంది. గుడ్డ నేసేది మగవాళ్లు, దంచి మెత్తబరిచేది ఆడవాళ్లు. అమ్మమ్మ తన తొమ్మిదేళ్లప్పుడు ఈ గుడ్డను రోట్లో వేసి దంచుతూ, పాట ధ్యాసలో పడి తనే చిల్లు పెట్టిందట. వాళ్లమ్మ, పేరు న్గోకడి, కూతురి చెంప ఛెళ్లుమనిపించి మాసిక వేసిందట. ఒక్కటే ఉంటే ఊరు నవ్వుతుందని చిల్లుల్లేని చోట ఇంకో ఆరు కుట్టిందట. నక్షత్రాల సంగతి చెబితే అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పంతులు ఎప్పుడైనా రోకలి పట్టాడేమో అడగవే, అంది.

తర్వాత నవ్వు ఆపేసింది. ఆ గుడ్డ అమ్మతో పాటు మట్టిలోకి వెళ్లాల్సింది, మా మేనమామ అమ్ముకున్నాడు అంది. తన గుడ్డ లేకుండా పోయినవాళ్లను అవతలి లోకంలో ఎవరూ గుర్తుపట్టరట. కనీసం ఆ కార్డు మీద అమ్మ పేరైనా ఉందా అని అడిగింది.

జూన్ 9
ప్రొఫెసర్‌కు చెప్పాను. రిజిస్టర్‌లో పేరు లేదు కాబట్టి పేరు లేదట. పల్లెటూరి ముసలమ్మల జ్ఞాపకాలు ప్యారిస్‌లో చెల్లవట. ఆయన ప్యారిస్‌లో ఉన్నది నాలుగు రోజులు.

జూన్ 12
అమ్మమ్మను తీసుకెళ్లాను. ఆయన తల్లీ తల్లీ అన్నారు, కుర్చీ మాత్రం వేయలేదు. అమ్మమ్మ గుడ్డను ముట్టుకోలేదు. కుడి అంచు నుంచి మూడోది తిప్పి చూడు నాయనా, చిల్లు దాని వెనకే ఉంటుంది, మిగతావి ఉత్తవి, అంది. తిప్పాం. మూడోదాని వెనక బొటనవేలంత చిల్లు. మిగతా ఆరింటి వెనకా నిండు గుడ్డ.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు. మంచి పరిశోధన అన్నారు. నాతో.

జూన్ 16
కొత్త కార్డు వచ్చింది. ఆరు నక్షత్రాలు, ఒక కృష్ణబిలం. పరిశోధన ప్రొఫెసర్ కటెండే. కళాకారిణి అజ్ఞాత.

నా చేత్తోనే ఉన్నదున్నట్టు ఫెయిర్ కాపీ చేశాను.

జూన్ 20
అమ్మమ్మ పండగ గుడ్డ కట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. కార్డు చదవమంది.

చేసినది న్గోకడి, అని చదివాను.

ఇంకోసారి అంది. చదివాను.